చోడి అంబలా, ఓట్సా?

శ్రీకాకుళం వైపు ఇంట్లో ఎవరికైనా షుగరు బయటపడగానే చోడి (రాగి) పిండి డబ్బా అటక ఎక్కుతుంది, ఓట్సు ప్యాకెట్టు దిగుతుంది. అంత తొందరేం అక్కర్లేదు.

ఓట్సు బలమంతా బీటా గ్లూకాన్ అనే జిగురు పీచులో ఉంది. రోజుకు 3 గ్రాములు అందితే చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది. అందుకు 75 గ్రాముల దాకా ఓట్సు కావాలి. ఒక పూటకు 40 గ్రాముల మందం రకం, 250 మి.లీ. నీళ్లు, సన్నసెగ మీద ఆరు నిమిషాలు. అదేపనిగా గరిటె తిప్పితే బంకలా సాగుతుంది. రెండు నిమిషాల్లో ఉడికే రకం షుగరును త్వరగా పెంచుతుంది. మసాలా ప్యాకెట్లలో ఉప్పెక్కువ, బీపీవాళ్లు ముట్టకపోవడమే మేలు.

చోడిలో కాల్షియం ఓట్సుకు ఆరేడు రెట్లు: 100 గ్రాములకు సుమారు 350 మి.గ్రా. అయితే మెత్తటి పిండి జావ కూడా షుగరును తొందరగానే ఎక్కిస్తుంది. మూడు చెంచాలు చాలు, బెల్లం వద్దు. పిండిని ముందు చన్నీళ్లలో కలిపి మరిగే ఎసరులో పోయాలి; పొడిగా చల్లితే ఉండలే.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోలా కిడ్నీ జబ్బుంటే లెక్క వేరు. రెండిట్లోనూ పొటాషియం ఉంది, ఫాస్ఫరస్ ఓట్సులో ఎక్కువ. రక్తపరీక్షలో పొటాషియం పెరిగినవాళ్లు అంబలిలో మజ్జిగ, పక్కన కొబ్బరినీళ్లు డాక్టరును అడక్కుండా తీసుకోకూడదు.