బిట్‌కాయిన్ పజిళ్లు: యంత్రబలమా, ఆలోచనా?

చిక్కుముడి విప్పినవారికి బిట్‌కాయిన్లు దక్కే పజిళ్లలో రెండు పద్ధతులు చూద్దాం. మొదటిది: 2015లో ఓ అజ్ఞాత వ్యక్తి ఒకే లావాదేవీలో 256 చిరునామాలకు బిట్‌కాయిన్లు పంపారు. చిరునామాలోని సొమ్ము తీసే రహస్య సంఖ్యను, అంటే ప్రైవేట్ కీని, కనిపెట్టినవారిదే సొమ్ము. చిరునామా ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ వెతకాల్సిన పరిధి రెట్టింపవుతుంది. మొదటివి మామూలు ల్యాప్‌టాప్‌కే చిక్కాయి. అరవయ్యో చిరునామా దాటాక మాత్రం జీపీయూల (లెక్కలు వేగంగా చేసే చిప్‌ల) గుంపులున్నవాళ్లదే ఆట.

పైగా గెలిచినా గండమే. సొమ్ము తీసుకుందామని లావాదేవీ పంపగానే పబ్లిక్ కీ (ప్రైవేట్ కీ నుంచి పుట్టే మరో సంఖ్య) బయటపడుతుంది. ప్రైవేట్ కీ ఏ పరిధిలో ఉందో ముందే తెలుసు కాబట్టి, కాచుకున్న బాట్ (తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్) చకచకా దాన్ని ఛేదించి, ఎక్కువ ఫీజుతో తన లావాదేవీని ముందుకు తోసేయగలదు. నెలల తరబడి కరెంటు ఖర్చు భరించినవాళ్ల నోటికాడ కూడు లాక్కోవడమే ఇది. నాకు మనసు ఒప్పదు.

రెండో పద్ధతి, 12 సీడ్ పదాలను (వాలెట్ తెరిచే రహస్య పదాలను) బొమ్మలోనో కథలోనో దాచడం. చాలావరకు పెన్నూ కాగితం చాలు. నా ఓటు దీనికే. అయితే తయారుచేసేవారు ఏమరితే ఇదీ యంత్రాల పాలే. పదాలన్నీ ఇచ్చేసి వరుస మాత్రం దాస్తే ఉన్నవి సుమారు 47.9 కోట్ల అమరికలు. కంప్యూటరుకు అదో లెక్క కాదు. సీడ్ పదాలను ఎంచుకునే 2,048 పదాల జాబితాలోంచి రెండే దాచినా అంతే, 42 లక్షల ప్రయత్నాలు. అందుకే వరుస చెప్పేసి, పదాలన్నీ దాచాలి. బహుమతినీ ఒక్కరికే కట్టబెట్టకుండా పది చిన్న వాలెట్లలో పెడితే, తీరిక దొరికినప్పుడు ఆలోచించేవాళ్లకూ ఒకటైనా మిగులుతుంది.