సిల్క్ పెయింటింగ్ కిట్: రంగులు బాగున్నాయి, గుడ్డ మాత్రం ధర్మవరంలో చూసుకోండి

పట్టు మీద కొండలూ వాగులూ వేయాలనుకునే వాళ్ల కోసం అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతున్న కిట్ ఇది. 20 మి.లీ. రంగు సీసాలు ఎనిమిది, గీతలకు గట్టా (రంగు గీత దాటి పాకకుండా అడ్డుకునే జిగురు) ట్యూబు ఒకటి, 30 సెంటీమీటర్ల చదరపు పట్టు గుడ్డలు రెండు, ఉప్పు పొట్లం, డ్రాయింగ్ పిన్నులు, రెండు కుంచెలు. ఆవిరి పట్టే పని లేదు, ఇస్త్రీతోనే రంగు నిలుస్తుంది. అనంతపురం ఎండల్లో, మన బోరు నీళ్లతో రంగులూ గట్టా బాగానే నిలబడ్డాయి. గుడ్డ, ఉప్పు, పిన్నులు మాత్రం పక్కన పెట్టేయాల్సినవే.

ముందు గుడ్డ సంగతి. పట్టు మందాన్ని మోమెల్లో చెబుతారు. ఒక మోమె అంటే చదరపు మీటరుకు దాదాపు 4.34 గ్రాములు. కిట్‌లోది 5 మోమెల గుడ్డ, అంటే 22 గ్రాములకు అటూఇటూ. ఇంత పలచటి దాని మీద రంగు పెట్టగానే పరుగెత్తుతుంది, అంతే వేగంగా ఆరిపోతుంది. ఆకాశానికి సరే, బండరాళ్లకు చాలదు. కొత్తగా నేర్చుకునే వాళ్లకు 8 మోమెలు సరైన మందం. ధర్మవరంలో జరీ లేని తెల్ల పట్టు దొరికితే తెచ్చుకోండి. చీర గుడ్డ కాబట్టి బరువెక్కువ, రంగు ఎక్కువ తాగుతుంది, దానికి తగ్గట్టే నిండుగా పండుతుంది.

కొనేటప్పుడు ముడి పట్టా, ఉడకబెట్టిందా అని తప్పకుండా అడగండి. ముడి పట్టులో సెరిసిన్ అనే జిగురు బరువులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. అది ఉన్నంతవరకు రంగు ఒకచోట అంటుతుంది, ఒకచోట అంటదు. నీటి చుక్క వేసి చూడండి: పూసలా నిలబడితే జిగురు ఉన్నట్టే, వెంటనే ఇంకితే సరే. ఇంట్లో తీసుకోవాలంటే లీటరు నీళ్లకు 5 గ్రాముల సబ్బు తురుము, 1 గ్రాము చాకలి సోడా వేసి 90 డిగ్రీల దగ్గర ముప్పావు గంట ఉంచాలి. నీళ్లు తెర్లనీయొద్దు. ఉడికిన గుడ్డే అయితే కుంకుడుకాయ రసంతో ఒకసారి ఉతికితే చాలు. ఆఖరి జాడింపు మాత్రం ఫిల్టర్ నీళ్లతోనే. సబ్బూ బోరు నీళ్లూ కలిస్తే తెల్లటి తెట్టు పట్టుకుంటుంది, అక్కడ రంగు ఎక్కదు.

ఇప్పుడు అసలు సరదా, ఉప్పు. తడి రంగు మీద ఉప్పు గల్లు పడితే అది చుట్టూ ఉన్న నీటిని లాగుతుంది, నీటితోపాటు రంగూ కదులుతుంది. నక్షత్రాల్లా, ఎండుగడ్డిలా ఆకారాలు వస్తాయి. గుత్తి కొండ బండల గరుకుతనానికి ఇంతకంటే మంచి దారి లేదు. కిట్ పొట్లంలో ఉన్నది మెత్తటి పొడి, దానితో మసక తప్ప ఏమీ రాదు. వంటింటి కల్లుప్పే వాడండి, 3–4 మి.మీ. గల్లు. వానాకాలంలో చెమ్మ పట్టిన ఉప్పు నీటిని లాగదు కాబట్టి ముందు పెనం మీద వేయించి చల్లార్చాలి. రంగు తళతళలాడుతూ ఉండాలి, మడుగు కట్టకూడదు: ఆ సమయంలోనే వేయాలి. ఇక్కడే అనంతపురం వాళ్లకు చిక్కు. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక కూర్చుంటే కుంచె కడిగి వచ్చేసరికి ఆ మెరుపు పోతుంది, ఉప్పు ఊరికే కూర్చుంటుంది. తెల్లవారుజామున, ఫ్యాను ఆపి, జానెడు జానెడు చొప్పున వేసుకోవాలి. గల్లుకూ గల్లుకూ మధ్య రెండు సెంటీమీటర్లు వదలాలి, గుప్పెడు చల్లితే గీతలన్నీ కలిసి బురదవుతుంది. పూర్తిగా ఆరాకే దులపండి.

కిట్ పిన్నులు ఇనుపవి. ఉప్పు నీరు తగిలితే తుప్పు మరక పడుతుంది, అది పోదు. స్టెయిన్‌లెస్ పిన్నులు తెచ్చుకుని, గుడ్డ బల్లకు తగలకుండా చట్రం మీద డప్పులా బిగించండి.

గట్టా నీళ్లలో కలిసే రకం. సన్నగా, ఆగకుండా వస్తుంది, గండికోట లోయ అంచుల లాంటి గట్టి గీతలకు బాగుంది. గీత అవతలి వైపుకు దిగిందో లేదో వెలుతురుకు పట్టి చూడాలి. వెంట్రుకవాసి సందు ఉన్నా పెన్నా నీలం కొండ మీదికి ఎక్కేస్తుంది. ధర్మవరం గుడ్డకు వెనక వైపు కూడా అదే గీత మళ్లీ గీయక తప్పదు. ఉప్పును గీతకు దూరంగా ఉంచండి, ఎక్కువసేపు తడిగా ఉంటే ఈ గట్టా కరుగుతుంది.

రంగులన్నీ పారదర్శకం. కిట్‌లో తెలుపు లేదు, అవసరమూ లేదు, గుడ్డ తెలుపే వెలుగు. ఎరుపు కాస్త గులాబీ వైపు పోతుంది. మన ఎర్రమట్టి రావాలంటే మూడు చుక్కల పసుపు, రెండు చుక్కల ఎరుపు, కుంచె కొనతో నీలం. ఆరాక రంగు ఒక మెట్టు తేలుతుంది, కలిపేటప్పుడే ముదురుగా పెట్టుకోవాలి.

మబ్బులకూ చెరువు మీద ఎండ మెరుపుకూ స్పిరిట్ వాడొచ్చు. ఆరిన రంగు మీద మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేస్తే రంగు బయటికి జరిగి మధ్యలో లేతగా, అంచున ముదురుగా వలయం వస్తుంది. శానిటైజర్ జెల్ పనికిరాదు, పాకదు. పొయ్యి దగ్గర స్పిరిట్ సీసా పెట్టొద్దు.

ఒకరోజు ఆరనిచ్చి, వెనక వైపు నుంచి, పట్టు బట్టలకు పెట్టే వేడి మీద, ఇస్త్రీపెట్టెను కదుపుతూ ప్రతి చోటా మూడు నిమిషాలకు తగ్గకుండా ఇస్త్రీ చేయాలి. ఉప్పు రేణువు ఒక్కటి మిగిలినా అక్కడ మచ్చ పడుతుంది. గట్టాను ఆ తర్వాతే గోరువెచ్చటి నీళ్లలో కడగాలి, ముందే కడిగితే రంగూ పోతుంది.

డబ్బులిచ్చే ముందు గట్టా ట్యూబును వేళ్లతో నొక్కి చూడండి. ఎండకు షాపులోనే గడ్డకట్టిన ట్యూబులు వస్తుంటాయి. లోపల ఉండ తగిలితే వేరే పెట్టె అడగండి.