గుండె మళ్లీ కొట్టుకున్నాక: ఫుల్ ఆక్సిజనా, కొలిచి ఇవ్వాలా?

ఆగిన గుండె మళ్లీ కొట్టుకోగానే నూరు శాతం ఆక్సిజన్ అలాగే కొనసాగించాలా, తగ్గించాలా? కొనసాగించడానికి బలమైన కారణమే ఉంది: అప్పటికే దెబ్బతిన్న మెదడు ఇంకో లోటును తట్టుకోలేదు. కానీ అతి కూడా ముప్పే. రక్తప్రసరణ తిరిగి మొదలయ్యాక ఎక్కువైన ఆక్సిజన్, కణాలపై దాడిచేసే చురుకైన అణువులైన ఫ్రీ రాడికల్స్‌ను పెంచి కణాలకు హాని చేయగలదు. 2010లో వచ్చిన ఒక పెద్ద అమెరికా పరిశీలనలో, ఆక్సిజన్ మరీ ఎక్కువైనవాళ్లలో 63 శాతం ఆసుపత్రిలోనే చనిపోయారు. మామూలు స్థాయిలో ఉన్నవాళ్లలో 45 శాతం. అదే కారణమని దీంతో రుజువు కాదనుకోండి.

తొందరపడి తగ్గించడమూ ప్రమాదమే. 2022లో వెలువడిన ఆస్ట్రేలియా ట్రయల్‌లో, ఆసుపత్రికి చేరకముందే రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని (శాచురేషన్) 90–94కి దించినవాళ్లలో 38.3 శాతం మందే ప్రాణాలతో డిశ్చార్జ్ అయ్యారు. 98–100 దగ్గర ఉంచినవాళ్లలో 47.9 శాతం. కోవిడ్ వల్ల మధ్యలో ఆగిన ట్రయలే అయినా, ఆ తేడా నన్ను కలవరపెడుతుంది. పైగా చల్లబడిన వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ తప్పు చూపవచ్చు. అది 100 చూపినా ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 mmHg ఉందో 400 ఉందో తెలియదు.

నా ఓటు దీనికే: రీడింగ్ నమ్మదగ్గదిగా వచ్చేదాకా ఫుల్, ఆ తర్వాత రక్తపరీక్ష చూసుకుంటూ శాచురేషన్ 94–98కి వచ్చేలా తగ్గించడం. 2021 యూరప్ మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే.