కుక్కపిల్ల టాయ్‌లెట్ ట్రే: పదహారు నెలల వాడకం తర్వాత

నెల్లూరు వేదాయపాళెంలో మాది రెండో అంతస్తు వాటా. నిరుడు మార్చిలో రెండు నెలల నాటు కుక్కపిల్లను తెచ్చుకున్నాం. ఒంటి రంగును బట్టి రాగి అని పిలుస్తున్నాం. అది ఇంటికి రాకముందే మూడు వస్తువులు కొని సిద్ధంగా ఉంచాను: పైన ప్లాస్టిక్ గడ్డి పరిచిన ట్రే, వాడి పారేసే ప్యాడ్లు, మూత్రం వాసన పోగొట్టే ఎంజైమ్ స్ప్రే. మూడింటికీ కలిపి రెండున్నర వేలు దాటింది. అన్నీ ఒకేలా పనికొచ్చాయని చెప్పలేను.

కిందికి తీసుకెళ్తే పోయేదానికి ఇవన్నీ ఎందుకని మా అమ్మ మొదటిరోజే అడిగింది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే సుమారు నాలుగు నెలలు నిండేదాకా, వీధి నేల మీద కాలు పెట్టనివ్వవద్దని పశువుల డాక్టరు చెప్పారు. కుక్కపిల్లల ప్రాణాల మీదకు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. కాబట్టి మే నెలాఖరు వరకు మాకు బాల్కనీయే గతి.

ముందు ప్యాడ్ల సంగతి. పీల్చుకోవడంలో వంక పెట్టడానికి లేదు. లోపలి పొడి తడి తగలగానే జెల్‌లా గట్టిపడుతుంది, చుక్క కూడా కిందికి దిగదు. మూడో రోజు మధ్యాహ్నం రాగి ఒక ప్యాడును చింపి పోగులు పెట్టింది. హాలంతా ఉడికిన సగ్గుబియ్యం ఒలకబోసినట్టు తయారైంది. కడుపులోకి ఎంత వెళ్లిందోనని ఆ రాత్రంతా దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు కానీ, కొరికే పిల్లను ప్యాడుతో ఒంటరిగా వదలవద్దు.

అసలు చిక్కు ఇది కాదు. పది రోజులకు రాగి ప్యాడు మీదకే వెళ్తోందని నేను మురిసిపోతుంటే, గుమ్మం దగ్గరి పట్టా తడిసింది. మర్నాడు స్నానాలగది ముందు పట్టా. ఆ తర్వాత పూజగదిలో అమ్మ కూర్చునే తివాచీ. నేను గొంతు పెంచేసరికి అమ్మే అడ్డం వచ్చింది. ‘మెత్తటి గుడ్డ మీద పోయమని నువ్వే నేర్పావు, అది నేర్చుకుంది. ఇప్పుడు దాన్ని తిడితే ఎలా?’ నాకు నోట మాట రాలేదు. కుక్కపిల్ల చోటును గుర్తు పెట్టుకుంటుందనుకున్నాను. పాదాల కింద ఏది తగిలిందో దాన్నే ఎక్కువ గుర్తు పెట్టుకుంటుంది.

దాంతో ట్రే వైపు తిరిగాను. గడ్డి చూడటానికి బాగుంటుంది. కానీ దాని మొదళ్లలో చేరిన మూత్రం ఒకసారి నీళ్లు పోస్తే పోయేది కాదు. ఏప్రిల్ ఎండకు మధ్యాహ్నమయ్యేసరికి బాల్కనీ తలుపు తీయలేకపోయాం. వారం భరించి గడ్డిని, దాని కింది జల్లెడను తీసి పక్కన పెట్టాను. పక్క స్థలంలో ఇల్లు కడుతున్న మేస్త్రిని అడిగి ఒక బకెట్ ఇసుక తెచ్చి, రెండు అంగుళాల మందాన పరిచాను. మొదటిరోజు రాగి దాన్ని తవ్వి సగం బాల్కనీలో చల్లింది. రెండోరోజు వాసన చూసి, రెండు చుట్లు తిరిగి, కూర్చుంది. అక్కడి నుంచి పట్టాల జోలికి పోలేదు.

ఇసుకకూ తిప్పలున్నాయి. తడి ముద్దలు రోజూ ఎత్తాలి, వారానికోసారి మొత్తం మార్చాలి, అయినా పాదాలకు అంటుకుని మంచం దాకా వస్తుంది. ట్రే అంచు ఇంకో రెండు అంగుళాలు ఎత్తుండాల్సింది. ప్లాస్టిక్ కూడా ఎండకు ఆగేది కాదు, రెండో వేసవికి ఒక మూల పెళుసుగా విరిగింది.

స్ప్రే మంచిదే, వాడే తీరు తెలియాలి. కొట్టి వెంటనే తుడిస్తే డబ్బు దండగ. పది, పదిహేను నిమిషాలు తడిగా నాననివ్వాలి, టైల్స్ మధ్య సందుల్లో మరీనూ. అంతకుముందు ఫినాయిల్‌తో తుడిచేవాళ్లం. ఆ ఘాటుకు మన ముక్కు మోసపోతుంది, కుక్క ముక్కు మోసపోదు. సోఫా వెనక అదే చోటికి నాలుగుసార్లు వెళ్లింది.

ఇవన్నీ ఒక ఎత్తు, గడియారం ఒక ఎత్తు. నిద్ర లేవగానే, ఆట ఆగగానే, తిన్న అరగంటలోపు ఎత్తుకుని ట్రేలో దించాలి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. మూడు వారాలు రాత్రి రెండింటికి అలారం పెట్టుకున్నాను. ఆఫీసులో కునికిపాట్లు అందరూ చూశారు. ముక్కు పట్టుకుని దాంట్లో రుద్దితే మళ్లీ చేయదని ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్లు సలహా ఇచ్చారు. అంత పని చేయలేదు కానీ ఒకసారి గట్టిగా కసిరాను. ఆ తర్వాత నాలుగు రోజులు నా కంటపడకుండా బీరువా వెనక కానిచ్చింది.

రోహిణి కార్తెలో రాగిని బయటికి తీసుకెళ్లడం మొదలుపెట్టాం, తెల్లవారుజామున ఐదింటికి, రోడ్డు కాలకముందు. ఇసుకకు అలవాటైన కాళ్లు కదా, వీధి చివరి మట్టి దిబ్బ దగ్గర మొదటిరోజే పని ముగించింది. ఇక ట్రే అటక ఎక్కించేద్దామనుకున్నాను. నవంబరులో వాయుగుండం పట్టుకుని మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. రాగి కింది మెట్టు దాకా వచ్చి, నీళ్లలో ఒక పాదం పెట్టి, విదిలించి, నా ముఖం చూసింది. పైకి తెచ్చి బాల్కనీ తలుపు తీశాను. నేరుగా ట్రేలోకి నడిచింది.

విరిగిన మూలకు టేపు వేసి ఇంకా వాడుతున్నాం. మిగిలిన సగం పెట్టె ప్యాడ్లు వాషింగ్ మెషిన్ కింద నీరు కారే చోట పరుస్తున్నాం.