సీమ ఎండలో బ్యాటరీ మెషిన్లు: కాంక్రీటుకి ఏది కొనాలి, జేసీబీ షెడ్డుకి ఏది కొనాలి

ముందే తీర్పు చెప్పేస్తే సులువు. కాంక్రీటులో బోల్టు నిలిపే యాంకర్ బొక్కలకి, టిప్పర్ చక్రాల నట్లకి, జేసీబీ పిన్నులకి గ్రీజు కొట్టడానికి బ్యాటరీ మెషిన్ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. కాంక్రీటు పగలగొట్టడానికి, రోజంతా కమ్మి కోయడానికి మాత్రం వైరు మెషినే. "ఎటూ కొంటున్నాం కదా, అన్నీ బ్యాటరీవే తీసుకుందాం" అనుకున్న దగ్గరే డబ్బు కాలిపోతుంది. కర్నూలు, అనంతపురం, కడప వైపు దీనికి తోడు ఎండ లెక్క ఒకటుంది, దాని సంగతి తర్వాత.

అంగట్లో మొదట కనపడేది వోల్టుల అంకె. ఒక కంపెనీ 18 అంటుంది, ఇంకోటి 20 అంటుంది. రెండూ ఒకటే. లోపల 3.6 వోల్టుల లిథియం సెల్లులు ఐదు వరసగా ఉంటాయి, కలిపితే 18. పూర్తిగా ఛార్జి అయినప్పుడు ఒక్కో సెల్లు 4 వోల్టులు దాటుతుంది కాబట్టి దాన్నే 20 అని రాసుకుంటారు. ఆన్‌లైన్‌లో, రోడ్డు పక్కన "48వీఎఫ్", "88వీఎఫ్", "128వీఎఫ్" అని పెద్ద అక్షరాలతో అమ్మే పెట్టెలు ఉంటాయి చూడండి, విప్పితే చాలావాటిలో ఉండేది అవే ఐదు సెల్లులు. వీఎఫ్ అనేది అసలు కొలతే కాదు. ఇంట్లో స్క్రూలు బిగించుకోవడానికి పరవాలేదు, శ్లాబు కింద నిలబడి బొక్క వేసేవాడి చేతికి ఇచ్చే సరుకు కాదది.

చూడాల్సింది వోల్టుని ఆంపియర్ అవర్ (ఏహెచ్)తో హెచ్చిస్తే వచ్చే వాట్ అవర్. 18 వోల్టులు, 5 ఏహెచ్ అంటే 90 వాట్ అవర్లు. నాలుగంగుళాల గ్రైండర్ గట్టిగా కోసేటప్పుడు 700 వాట్ల దాకా లాగుతుంది అనుకుందాం. 90ని 700తో భాగించి నిమిషాలు కట్టండి: ఎనిమిది నిమిషాలు కూడా రాదు. సెంట్రింగ్ దగ్గర మిగిలిన కమ్మి ముక్కలు నాలుగు కోయాలన్నా, పైకెక్కి ఒక బోల్టు తల తీసేయాలన్నా బ్యాటరీ గ్రైండర్ హాయి. ఫ్యాబ్రికేషన్ షెడ్డులో దానితో రోజు గడవదు. ఇంకో మాట, చవకని 2 ఏహెచ్ ప్యాక్ గ్రైండర్‌కి తగిలించొద్దు. అందులో సెల్లులు ఐదే. 5 ఏహెచ్‌లో మామూలుగా పది ఉంటాయి, ఐదేసి రెండు వరసలుగా, భారం పంచుకుంటాయి. ఐదు సెల్లుల మీద మొత్తం బరువు పడితే వేడెక్కి మధ్యలోనే ఆగిపోతుంది. మెషిన్ చెడిందని అంగడివాడితో పోట్లాడతారు గానీ తప్పు ప్యాక్‌ది.

ఇప్పుడు కాంక్రీటు. ఇక్కడ వోల్టు కాదు, జౌల్ చూడాలి, అంటే ఒక్కో దెబ్బ బలం. మామూలు ఇంపాక్ట్ డ్రిల్లులో పళ్ల చక్రాలు రెండు ఒకదానిమీద ఒకటి గీరుకుంటూ గడగడమంటాయి, అంతే. ఇటుక గోడకి సరిపోతుంది. బీముకి పెడితే మనిషి బరువంతా వేసి తొయ్యాలి, బిట్టు కొన ఎర్రబడుతుంది, బొక్క అంగుళం కూడా దిగదు. రోటరీ హ్యామర్‌లో పని వేరు: పిస్టన్ ముందుకీ వెనక్కీ ఆడుతుంది, మధ్యలో ఇరుక్కున్న గాలి స్ప్రింగులా పనిచేసి లోపలి సుత్తిని విసురుతుంది, ఆ సుత్తి బిట్టు తోకని కొడుతుంది. అందుకే దాన్ని గట్టిగా నొక్కినా లాభం లేదు. నొక్కితే గాలికి ఆడే చోటు తగ్గి దెబ్బ మందగిస్తుంది. బిట్టు జారకుండా పట్టుకునేంత ఒత్తిడి చాలు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు చేసే మొదటి పొరపాటు ఇదే, మెషిన్ అరిగేదీ దీనివల్లే.

18 వోల్టుల తరగతిలో ఎస్‌డీఎస్ ప్లస్ అనే చక్కుతో (బిట్టుని పట్టుకునే మూతి) వచ్చేవి ఎక్కువగా 2 జౌల్ చుట్టూ ఉంటాయి. మకీటా డీహెచ్ఆర్242 రెండు జౌల్‌లు, డీవాల్ట్ డీసీహెచ్273 రెండు పాయింట్ ఒకటి, బాష్ జీబీహెచ్ 18వీ-26 రెండు పాయింట్ ఆరు. మూడూ నమ్మదగ్గవే. పెట్టె మీద "కాంక్రీటులో 24 ఎంఎం" అని ఉంటే అది వెయ్యగలిగే హద్దు, రోజూ వేసే సైజు కాదు. 6 నుంచి 14 వరకు ఇవి సుఖంగా పోతాయి. 16 దాటిన బొక్కలు రోజుకి పాతిక ముప్పై పడే పని అయితే ఈ తరగతిలో వెతకొద్దు. ఎస్‌డీఎస్ మ్యాక్స్ చక్కుతో రెండు 18 వోల్టుల ప్యాకులు తగిలించుకునే మకీటా డీహెచ్ఆర్400 ఎనిమిది జౌల్‌లు కొడుతుంది, కానీ ఆ ధరకి వైరు బ్రేకర్ కొని, మిగిలిన డబ్బుతో మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా కొనుక్కోవచ్చు. కరెంటు అస్సలు దొరకని సైటు అయితేనే దానికి అర్థం ఉంది. కొనేముందు బిట్ల సంగతి కూడా గుర్తుంచుకోండి: ప్లస్ తోక 10 ఎంఎం, మ్యాక్స్ తోక 18 ఎంఎం, ఒకదాని బిట్టు ఇంకోదానికి ఎక్కదు.

ప్లాన్ వేసుకోవడానికి ఒక లెక్క. ఎం25 గ్రేడు కాంక్రీటు శ్లాబులో 10 ఎంఎం బిట్టుతో 80 ఎంఎం లోతు దిగడానికి పదిహేను ఇరవై సెకన్లు పడుతుంది. మెషిన్ 400 వాట్లు లాగుతుందనుకుంటే 5 ఏహెచ్ ప్యాక్ మీద నలభై నుంచి యాభై బొక్కలు. కంపెనీ కాగితం ఇంతకంటే ఎక్కువే చెబుతుంది, మీరు నలభైకే లెక్క కట్టుకోండి. రెండు ప్యాకులు, ఒక ఫాస్ట్ ఛార్జర్ ఉంటే పని ఆగదు. ఛార్జర్ దగ్గర పీనాసితనం చేస్తే రోజంతా నష్టం: మకీటా 5 ఏహెచ్ ప్యాక్‌ని ఫాస్ట్ ఛార్జర్ డీసీ18ఆర్‌సీ 45 నిమిషాల్లో నింపితే, కాంబో పెట్టెల్లో తరచు వచ్చే డీసీ18ఎస్‌డీ 110 నిమిషాలు తీసుకుంటుంది. కాంబో ధర చూసి మురిసేముందు లోపల ఏ ఛార్జర్ ఉందో పెట్టె తెరిచి చూడండి.

బొక్క వేయడం సగం పనే. తొడుగు లేకుండా నేరుగా దిగే త్రూ బోల్టు రకానికి ఎం10 (10 ఎంఎం మందం) బోల్టుకి 10 ఎంఎం బొక్కే, ఎం12కి 12. రాల్ బోల్టు రకానికి చుట్టూ తొడుగు ఉంటుంది కాబట్టి ఎం10కి 16 ఎంఎం పడుతుంది. బొక్కలో జిగురులా కెమికల్ పోసి రాడ్డు దించే రకమైతే ఎం12 రాడ్డుకి 14, ఎం16కి 18. బ్రాండుని బట్టి ఒక ఎంఎం అటూ ఇటూ ఉంటుంది, ప్యాకెట్ మీద ఉన్నదే ప్రమాణం. బొక్కలో పొడి ఉండిపోతే కెమికల్ కాంక్రీటుకి కాదు, ఆ పొడికి అంటుకుంటుంది, కొన్నాళ్లకి రాడ్డు చేతితో లాగితే వచ్చేస్తుంది. పంపుతో ఊదాలి, వైరు బ్రష్ తిప్పాలి, మళ్లీ ఊదాలి. ఇదంతా రెండు సార్లకి తక్కువ కాకుండా చెయ్యాలి. నోటితో ఊదితే తేమ చేరుతుంది, పైగా సిలికా పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్క్ ఎన్95కి తగ్గకూడదు. తువ్వాలు చుట్టుకుంటే ఆ సన్న పొడి ఆగదు.

కమ్మి తగిలితే మెషిన్ మణికట్టుని తిప్పేస్తుంది. పక్క హ్యాండిల్ లేకుండా వేసేవాళ్లని చాలాచోట్ల చూస్తూనే ఉంటాం, నిచ్చెన మీద ఉన్నప్పుడు అదే మనిషిని కింద పడేస్తుంది. క్లచ్ కచ్చితంగా ఉండాలి. తిరుగుడు ఉన్నట్టుండి ఎక్కువైతే మోటారుని ఆపేసే సెన్సార్ కూడా ఉన్న మోడల్ దొరికితే ఇంకా మంచిది. కమ్మి ఎక్కువ తగిలే బీములకి నాలుగు పళ్ల బిట్టు తీసుకోండి. రెండు పళ్లది కమ్మికి ఇరుక్కుని కార్బైడ్ ముక్క ఊడగొట్టుకుంటుంది. కాలిన బిట్టుని నీళ్లలో ముంచే అలవాటు ఉంటే మానుకోండి, ఆ ఒక్క చుయ్ శబ్దంతోనే కార్బైడ్ చిట్లుతుంది. బిట్టు తోకకి శనగగింజంత గ్రీజు రాస్తే చక్కు ఎక్కువ కాలం వస్తుంది.

మన వైపు కాంక్రీటుతో పాటు బండ కూడా తగులుతుంది. కడప బండ పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. వంటింటి అరకి అమర్చిన బండకి హ్యామర్ మోడ్‌లో బొక్క వేస్తే ముందువైపు బాగానే కనిపిస్తుంది, వెనక పక్క మాత్రం అరచెయ్యంత పొర లేచిపోతుంది. సుత్తి గుర్తున్న మోడ్ నుంచి ఉత్త డ్రిల్లు గుర్తుకి తిప్పి, వెనక చెక్క ముక్క ఆనించి, నెమ్మదిగా దించాలి. గ్రానైట్‌కి కార్బైడ్ బిట్టు ఆనదు, డైమండ్ కోర్ బిట్టు కావాలి, దానికి నీళ్లు కావాలి. చుక్కచుక్కగా స్పాంజితో పొయ్యండి, బ్యాటరీ మీద పడకుండా చూసుకోండి.

షెడ్డు వైపు వస్తే, బ్యాటరీ మెషిన్లలో అన్నిటికంటే తొందరగా డబ్బు తిరిగిచ్చేది నట్లని దెబ్బలతో విప్పే ఇంపాక్ట్ రెంచ్. టిప్పర్ చక్రం నట్లు మామూలుగా 550 నుంచి 650 న్యూటన్ మీటర్ల బిగువులో ఉంటాయి. అంటే ఎంతో తెలియాలంటే, మీటరు పొడవు పైపు చివర 70 కిలోల మనిషి ఎక్కి నిలబడితే దాదాపు 690 వస్తుంది. తుప్పు పట్టింది విప్పాలంటే అంతకంటే ఎక్కువ కావాలి. కాబట్టి సాకెట్ తగిలే కొన అరంగుళం ఉన్న డ్రైవ్‌తో 300, 400 న్యూటన్ మీటర్లు ఇచ్చే మెషిన్ కార్లకి, ట్రాక్టరు చిన్న బోల్టులకి, సెంట్రింగ్ జాకీ నట్లకి సరిపోతుంది. టిప్పర్, జేసీబీ ఉన్న షెడ్డుకి ముప్పావంగుళం డ్రైవ్ తీసుకోండి. మకీటా డీటీడబ్ల్యూ1001, బాష్ జీడీఎస్ 18వీ-1050 హెచ్, రెండూ బిగింపులో 1050 అని ఇస్తాయి. పెట్టె మీద రెండు అంకెలు ఉంటాయి: బిగించే టార్క్ (తిప్పే బలం), విప్పే టార్క్. రెండోది ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది, అట్ట మీద పెద్దక్షరాల్లో వేసేదీ అదే. పోల్చేటప్పుడు మొదటిదానితో మొదటిదే పోల్చండి.

అంత బలమున్న మెషిన్‌కి అంగట్లో దొరికే మెరిసే క్రోమ్ సాకెట్ పెడితే పగిలి ముక్క మొహాన తగులుతుంది. నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి, టిప్పర్‌కి 32 లేదా 33 ఎంఎం. పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్డు పెట్టిన కొద్దీ దెబ్బ రాడ్డు మెలికలోనే ఖర్చయిపోతుంది. ఐదారు సెకన్లు కొట్టినా నట్టు కదలకపోతే ట్రిగ్గర్ వదిలెయ్యండి. ఇంకా కొడితే వేడెక్కేది మెషినే. తుప్పుకి నూనె కొట్టి రాత్రంతా వదిలితే పొద్దున సగం బలానికే వస్తుంది.

బిగించేటప్పుడు మాత్రం ఇది చెడ్డ పనిముట్టు. ఎంత బిగించిందో దానికే తెలియదు. నాలుగైదు చుట్లు చేత్తో ఎక్కించి, తక్కువ స్పీడులో ఆనించి, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో ఎదురెదురు నట్ల వరసలో ఇవ్వాలి. యాభై వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. స్టడ్లు తెగిపోవడానికి వదులు నట్టు ఒక్కటే కారణం కాదు, గన్నుతో చివరిదాకా కొట్టి వదిలేసిన నట్టు కూడా. డ్రమ్ములు వంకర పోయేదీ అలాంటి నట్టు వల్లే.

బ్యాటరీ గ్రీజు గన్ గురించి జనం తక్కువ మాట్లాడతారు గానీ ఎర్త్ మూవర్ ఉన్నవాళ్లకి అది అవసరమే. సుమారు పదివేల పీఎస్ఐ ఒత్తిడి ఇస్తుంది, చెయ్యి గన్నుతో రాని గట్టిపడిన పిన్నులోకి కూడా గ్రీజు పోతుంది. కొనేముందు ఒక్కటి అడగండి: డబ్బా గ్రీజు నింపుకోవచ్చా, ఉత్త కార్ట్రిడ్జ్ (నింపి వచ్చే గొట్టం) మాత్రమేనా? మన షెడ్డుల్లో ఉండేది ఎక్కువగా బకెట్ గ్రీజే. డబ్బాలోంచి పీల్చి నింపితే మధ్యలో గాలి బుడగ చిక్కుతుంది, మోటారు తిరుగుతుంది గానీ గ్రీజు రాదు. తల కొద్దిగా వదులు చేసి గాలి బయటికి పోయేదాకా ట్రిగ్గర్ నొక్కితే సరి. పిన్ను మీద గ్రీజు ఎక్కే నిప్పిల్ మూసుకుపోయి ఉంటే హోస్ చిట్లుతుంది. ఆ ఒత్తిడితో గ్రీజు చర్మంలోకి దూరితే పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. హోస్ కొన దగ్గర చెయ్యి పెట్టొద్దు.

ఇక ఎండ. లిథియం ప్యాక్‌ని 40, 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయనివ్వరు, అందుకే ఛార్జర్‌లో లైటు మినుకుతూ కూర్చుంటుంది. మేలో బయటే 42, 43 ఉంటే, ఇనప టూల్ బాక్సులో పెట్టి టిప్పర్ మీద వదిలిన ప్యాక్ అరవై దాటుతుంది. అలా వేసవులు గడిస్తే ప్యాక్ బలం బాగా దిగిపోతుంది. వాడిన ప్యాక్‌ని వేడి మీదే ఛార్జర్‌లో పెట్టకుండా నీడలో అరగంట ఉంచండి. తడిగుడ్డ చుట్టొద్దు. జెనరేటర్ మీద ఛార్జి చేసేవాళ్లు వోల్టేజీ స్థిరంగా ఉండేది చూసుకోవాలి, చవక జెనరేటర్‌కి మెషిన్ కంటే ముందు ఛార్జరే పోతుంది. పని లేని నెలల్లో సగం ఛార్జితో చల్లటి గదిలో పెట్టండి. పూర్తిగా దిగిపోయిన ప్యాక్‌ని అలాగే మూడు నెలలు వదిలేస్తే మళ్లీ ఛార్జర్ దాన్ని పట్టించుకోదు.

సర్వీసు విషయంలో నిజం చెప్పుకోవాలి. అనంతపురం నుంచి బెంగళూరుకి, కర్నూలు నుంచి హైదరాబాదుకి రెండొందల కిలోమీటర్ల పైమాటే. మోటారు, స్విచ్, చక్కు భాగాలు ఊళ్లోనే దొరికే కంపెనీ రెండో ర్యాంకుదైనా దాన్నే కొనండి. అన్ని మెషిన్లకీ ఒకే ప్యాక్ పడేలా ఒకే కంపెనీ ఒకే వోల్టులో నిలబడండి. మకీటా 18 వోల్టుల ప్యాక్ దాని 40 వోల్టుల మెషిన్‌కి పట్టదు, ఇది తెలియక రెండూ కొన్న షెడ్డులు ఉన్నాయి. బిల్లు మీద మెషిన్ నంబరుతో పాటు బ్యాటరీ నంబరు కూడా రాయించుకోండి. బ్యాటరీ వారంటీ మెషిన్‌ది కంటే తక్కువ ఉండొచ్చు, ఎన్ని నెలలో అక్కడే అడగండి. డబ్బులు ఇచ్చేముందు ప్యాక్ మీద తయారీ నెల చూసి, ఏడాది దాటిందయితే వేరేది తెప్పించమనండి.