మూడు కంప్యూటర్లు, మధ్యలో ఒక దుబాసి: తొమ్మిదేళ్ల ఫైల్ షేరింగ్ అనుభవం

మా ఇంట్లో విండోస్ ఎక్స్‌పీ డెస్క్‌టాప్ ఒకటి ఇంకా పని చేస్తోంది. దాన్ని ఉంచుకోవడానికి కారణం ఒక ఫిల్మ్ స్కానర్. పాత నెగెటివ్‌లను అంత చక్కగా తీసే పరికరం నా దగ్గర మరొకటి లేదు, దాన్ని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవరేమో ఎక్స్‌పీతోనే ఆగిపోయింది. పక్క గదిలో విండోస్ 7 డెస్క్‌టాప్, దాంట్లో పెద్ద హార్డ్ డిస్క్. 2018లో విండోస్ 10 ల్యాప్‌టాప్ వచ్చి చేరింది. స్కాన్ చేసిన ఫొటోలు ఎక్స్‌పీ నుంచి ఆ హార్డ్ డిస్క్‌కి, అక్కణ్ణుంచి ల్యాప్‌టాప్‌కి రావాలి. ఈ ఒక్క పని కోసం 2016 నుంచి విండోస్ ఫైల్ షేరింగ్‌నే వాడుతున్నాను. పెన్‌డ్రైవ్ పట్టుకుని గదుల మధ్య తిరగడం కన్నా ఇది ఎంతో నయం. కాకపోతే అది కుదురుగా నడవడానికి రెండేళ్లు పైనే పట్టింది.

మొదట్లో నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ‘నెట్‌వర్క్’ విండో. అందులో అవతలి కంప్యూటర్ పేరు కనిపిస్తే షేరింగ్ బాగున్నట్టు, కనిపించకపోతే చెడిపోయినట్టు అనుకునేవాణ్ణి. రెండూ తప్పే. పాత విండోస్‌లలో ఆ జాబితాను ఇంట్లోని కంప్యూటర్లలో ఏదో ఒకటి రాసి పెట్టుకుంటుంది. దాన్ని మాస్టర్ బ్రౌజర్ అంటారు. మిగతావి ‘నేనున్నాను’ అని దానికి చెబుతూ ఉంటాయి. ఆన్ చేసిన కాసేపు తరచుగా, ఆ తర్వాత 12 నిమిషాలకు ఒకసారి. వరుసగా మూడుసార్లు వినపడకపోతే గానీ అది పేరు కొట్టేయదు. అంటే అరగంట కింద ప్లగ్ పీకేసిన కంప్యూటర్ పేరు కూడా ఇంకా అక్కడే ఉండొచ్చు, ఎదురుగా నడుస్తున్న కంప్యూటర్ పేరు లేకపోవచ్చు. ఇది తెలియక వర్క్‌గ్రూప్ (కంప్యూటర్ల గుంపు) పేర్లు మార్చాను, కేబుల్ మార్చాను, ఒకసారి విండోస్ 7ని మళ్లీ ఇన్‌స్టాల్ కూడా చేశాను. వర్క్‌గ్రూప్ పేర్లు వేరైనా ఫైళ్లు తెరుచుకుంటాయి. ఎక్స్‌పీ హోమ్ ‘ఎంఎస్‌హోమ్’ అని పెట్టుకుంటుంది, విండోస్ 7 ‘వర్క్‌గ్రూప్’ అని పెట్టుకుంటుంది, జాబితాలో వేరు వేరు గుంపుల్లో కనిపిస్తాయంతే.

ఇప్పుడు ఆ జాబితా జోలికే వెళ్లను. రన్ బాక్సులో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి, పక్కనే అవతలి కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెలు) ఇస్తాను. తెరుచుకుంటే షేరింగ్ బాగానే ఉంది, చిక్కు పేరు దగ్గర మాత్రమే. తెరుచుకోకపోతే చిక్కు ఇంకా కింద ఉంది, అప్పుడు పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని అడిగే చిన్న కమాండ్) కొట్టి చూడాలి. ఐపీ అడ్రస్ 169.254తో మొదలైందంటే ఆ కంప్యూటర్‌కి రూటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. మా విండోస్ 7కి రెండుసార్లు అలా అయింది, రెండుసార్లూ కేబుల్ చివర ఉన్న ప్లాస్టిక్ క్లిప్పు విరిగి వదులైంది. అడ్రస్ రోజుకొకటిగా మారకుండా రూటర్‌లోనే దానికి ఒకటి రిజర్వ్ చేసి పెట్టాను.

పింగ్ వెళ్తోంది, ఫోల్డర్ మాత్రం తెరుచుకోవడం లేదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. పింగ్ వేరు, ఫైల్ షేరింగ్ వెళ్లే 445, 139 పోర్టులు (కంప్యూటర్లోకి నంబర్లున్న తలుపుల్లాంటివి) వేరు. ముందుగా విండోస్ 7లో ఆ నెట్‌వర్క్‌ని ‘పబ్లిక్’ అని పెట్టారేమో చూడాలి, పబ్లిక్ అయితే బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ షేరింగ్‌ని రానివ్వదు. మా ఇంట్లో కారణం మరొకటి. గడువు తీరిపోయిన యాంటీవైరస్ ఒకటి ఉండేది. దాన్ని ఆపేశాననే అనుకున్నాను. దాని సొంత ఫైర్‌వాల్ మాత్రం లోపల నడుస్తూనే ఉంది. పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాక గానీ దారి తెరుచుకోలేదు. అందుకు నాలుగు సాయంత్రాలు పోయాయి.

తర్వాతి గొడవ యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌లది. పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ కావచ్చు గానీ, నెట్‌వర్క్ మీద నుంచి విండోస్ ఒప్పుకోదు. ఎక్స్‌పీలో పాస్‌వర్డ్ పెట్టుకోని ఇళ్లు ఎన్నో ఉంటాయి, కాబట్టి ఇది ముందు చూసుకోవాలి. షేరింగ్ కోసమే మూడింటిలోనూ ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో ఒక అకౌంట్ తయారు చేసుకోవడం నాకు బాగా కలిసొచ్చింది. ఆ రోజు నుంచి పాస్‌వర్డ్ అడిగే బాక్సు మళ్లీ రాలేదు. ఒకవేళ ఎప్పుడో తప్పు పాస్‌వర్డ్ సేవ్ చేసి ఉంటే, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లోకి వెళ్లి దాన్ని తీసేయాలి. లేకపోతే విండోస్ మనల్ని అడగకుండా ఆ తప్పుదాన్నే మళ్లీ మళ్లీ పంపిస్తుంది.

అన్నింటికన్నా నాకు ఆలస్యంగా అర్థమైంది పర్మిషన్ల సంగతి. షేర్‌కి ఒక పర్మిషన్, డిస్క్ మీద ఫోల్డర్‌కి ఇంకో పర్మిషన్. రెండింటిలో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. షేర్‌లో అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చినా కొన్ని ఫొటోలు తెరుచుకునేవి, కొన్ని తెరుచుకునేవి కావు. ఒకే ఫోల్డర్, ఒకే రకం ఫైళ్లు! కొన్ని నెలల తర్వాత తేలిందేమిటంటే, తెరుచుకోనివన్నీ అదే డిస్క్‌లోని నా సొంత ఫోల్డర్ నుంచి ‘మూవ్’ చేసినవి. ఒకే డిస్క్‌లో మూవ్ చేస్తే ఫైల్ తన పాత పర్మిషన్లను వెంట తెచ్చుకుంటుంది, కాపీ చేస్తే కొత్త ఫోల్డర్ పర్మిషన్లు తీసుకుంటుంది. సెక్యూరిటీ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, లోపలి ఫైళ్లన్నింటికీ ఫోల్డర్ పర్మిషన్లే వర్తించేలా చేస్తే సరిపోయింది. ఈ ఒక్క విషయం మొదటే తెలిసి ఉంటే ఎంత టెన్షన్ తప్పేదో.

2018లో ల్యాప్‌టాప్ వచ్చాక మళ్లీ మొదటికొచ్చింది. విండోస్ 7తో బాగానే మాట్లాడుతుంది, ఎక్స్‌పీని మాత్రం తెరవదు. కారణం భాష. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి వాడే భాష ఎస్ఎంబీ, దాంట్లో ఎక్స్‌పీకి వచ్చింది పాతదైన ఎస్ఎంబీ1 ఒక్కటే. 2017 అక్టోబరులో వచ్చిన 1709 వెర్షన్ నుంచి విండోస్ 10ని కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే, ఎడిషన్‌ని బట్టి ఆ ఎస్ఎంబీ1 అసలు ఉండదు, లేదా కొన్నాళ్లు వాడకపోతే దానంతటదే పోతుంది. దాన్ని మళ్లీ ఆన్ చేసుకోమనే సలహా ఎక్కడ చూసినా దొరుకుతుంది. నేను చేయలేదు, ఎవరినీ చేయమని చెప్పను. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ పాకింది ఆ ఎస్ఎంబీ1లోని లోపం గుండానే. రోజూ ఇంటర్నెట్‌లో తిరిగే ల్యాప్‌టాప్‌లో ఆ తలుపు తెరవడం నాకు ఇష్టం లేదు.

నాకు దొరికిన దారి విండోస్ 7. దానికి ఎస్ఎంబీ1 వచ్చు, ఎస్ఎంబీ 2.1 కూడా వచ్చు. అంటే మధ్యలో దుబాసిలా నిలబడగలదు. షేర్ అయిన ఫోల్డర్ ఇప్పుడు దాంట్లో మాత్రమే ఉంది. ఎక్స్‌పీ వచ్చి స్కాన్‌లు అందులో పెడుతుంది, ల్యాప్‌టాప్ వచ్చి తీసుకుంటుంది, ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోనక్కర్లేదు. వన్నాక్రై లోపానికి వచ్చిన ప్యాచ్ రెండు పాత కంప్యూటర్లలోనూ వేశాను. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014లోనే ముగిసినా, ఈ ప్యాచ్‌ని మాత్రం 2017 మేలో దానికీ ఇచ్చారు. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. ఎక్స్‌పీకి ఐపీ అడ్రస్ చేత్తో ఇచ్చి, డిఫాల్ట్ గేట్‌వే గడిని ఖాళీగా వదిలేశాను. ఇంట్లో కంప్యూటర్లతో మాట్లాడగలదు, ఇంటర్నెట్‌కి పోయే దారి దానికి తెలియదు.

వేగం గురించి ఒక మాట. 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) కేబుల్ మీద సెకనుకు 11 ఎంబీ (మెగాబైట్లు) దాకా వస్తుంది. నా స్కాన్‌లు ఒక్కొక్కటి 120 ఎంబీ పైనే, కాబట్టి ఒక్కోదానికి పదకొండు, పన్నెండు సెకన్లు. ఎక్స్‌పీకి పాత 54 ఎంబీపీఎస్ వైఫై కార్డు పెట్టి చూస్తే ఒక్క ఫైలుకే దాదాపు నిమిషం పట్టింది, మధ్యలో తెగిపోవడం వేరే. పాత కంప్యూటర్‌కి కేబులే మేలు.

మదర్‌బోర్డు మీది బటన్ సెల్‌ని కూడా మరిచిపోకూడదు. ఎక్స్‌పీలో అది అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోయింది. కొత్త ఫైళ్లనే కాపీ చేసే నా బ్యాకప్ ప్రోగ్రాం ఆ స్కాన్‌లను పాతవనుకుని వదిలేసింది. షేరింగ్‌లో తప్పుందని రెండు వారాలు వెతికాను. సీఆర్ 2032 సెల్ మార్చాక అంతా సర్దుకుంది.

విండోస్ 7 సపోర్ట్ కూడా 2020 జనవరిలోనే ముగిసింది. అందుకే దాని చోటులోకి లైనక్స్, దాని నుంచి విండోస్‌తో ఫైళ్లు పంచుకోనిచ్చే సాంబా ప్రోగ్రాంతో ఒక చిన్న కంప్యూటర్‌ని సిద్ధం చేస్తున్నాను. సాంబా 4.11 నుంచి ఎస్ఎంబీ1 ఆఫ్‌లోనే వస్తుంది, సెట్టింగుల ఫైల్లో ఒక లైను రాసి తెరవాలి. పోయిన వారం 36 నెగెటివ్‌ల రోలు మొత్తాన్ని స్కాన్ చేసి దాని మీదుగానే పంపాను. అన్నీ ల్యాప్‌టాప్‌కి చేరాయి. ఇంకో రెండు నెలలు రెండింటినీ పక్కపక్కనే నడిపాకే విండోస్ 7ని ఆపుతాను.