మొరాకోలో చైనా గ్రీన్ టీ, నాలుగేళ్ల వాడకం, ఒక ఇంగువ డబ్బా

మొరాకోలో సముద్రం ఒడ్డునున్న ఎల్ జదీదా ఊరికి ఉద్యోగం మీద వచ్చి నాలుగేళ్లయింది. ఇక్కడ టీ అంటే అతాయ్: పాలు ఉండవు, గుప్పెడు పుదీనా, పెదాలు అంటుకుపోయేంత పంచదార. ఆకు మాత్రం చైనాదే. రుచి గురించి కొత్తగా చెప్పేదేం లేదు, నా గొడవంతా ప్యాకెట్‌తో.

మొదట్లో ఆ ప్యాకెట్‌నే తెగ మెచ్చుకున్నాను. బుజ్జి అట్టపెట్టె, మీద ఒంటె బొమ్మో సింహం బొమ్మో, అరబిక్‌లో ఒక పేరు, ఫ్రెంచ్‌లో ఇంకో పేరు, ఓ మూల ఒక నంబరు. బొమ్మ చూడకు, నంబరు చూడు అన్నాడు కొట్టతను. 3505 అంటే ఉండలు చుట్టిన గన్‌పౌడర్ అనే రకం టీ. 41022, 9371 అంటే కనుబొమల్లా వంగిన చున్‌మీ, అందులో 41022 పై రకం. ఏ బ్రాండైనా నంబర్లు ఇవే కాబట్టి మోసం ఉండదని ఇండియా నుంచి వచ్చిన వాళ్లందరికీ నేనే పాఠం చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. నంబరు ఆకు రకం చెబుతుందంతే, ఆ ఆకుని దేంట్లో పెట్టి పంపారో చెప్పదు.

పోయినేడు సెలవులకి విశాఖ వెళ్లొస్తుంటే అమ్మ ఇంగువ డబ్బా కట్టిచ్చింది. మా వంటింట్లో ఉన్నది ఒకటే అలమర, దాన్ని తీసుకెళ్లి చున్‌మీ పక్కన పెట్టాను. రెండు వారాల తర్వాత ఆఫీసు మిత్రుడు భార్యతో కలిసి భోజనానికి వస్తే, వాళ్ల పద్ధతిలోనే ఆకు కడిగి, పుదీనా వేసి, కెటిల్ పైకెత్తి నురగ వచ్చేలా పోసి మహా గర్వంగా గ్లాసులు అందించాను. ఆయన ఒక గుక్క తాగి, ఆగి, "ఇందులో ఏం కలిపావు?" అన్నాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాను. నేనూ తాగాక తెలిసింది, పులిహోరలో పుదీనా వేసి మరిగించినట్టుంది! ఆవిడ మర్యాదకి సగం గ్లాసు తాగింది, పాపం.

వాళ్లు వెళ్లాక పెట్టె చింపి చూస్తే లోపల ఒక్క పొర పల్చటి కాగితం, రేకు లేదు. అసలు విప్పనే విప్పని రెండో పెట్టెకీ అదే వాసన. మల్లెపూల మధ్య ఉంచి జాస్మిన్ టీ చేసేది పక్కనున్న వాసన పీల్చుకునే ఆకు గుణంతోనే కదా, మల్లెకీ ఇంగువకీ తేడా దానికేం తెలుసు. అదే అరలో ఉన్న 3505 మాత్రం చాలావరకు తట్టుకుంది. ఉండలు బిగుతుగా ఉంటాయని కాబోలు, వాసన తక్కువే పట్టింది, కానీ సముద్రపు చెమ్మకి మెత్తబడి, పెట్టె ఊపితే వచ్చే ఆ గలగల పోయింది.

టెంపుల్ ఆఫ్ హెవెన్ అనే బ్రాండ్ గన్‌పౌడర్ రేకు డబ్బా కూడా ఒకటి కొన్నాను (ఆ పేరున్న గుడి బీజింగ్‌లో, ఆకు చైనాలోనే జెజియాంగ్ రాష్ట్రానిది, అదో వింత). బాగుంది, కానీ ధర చూసి మళ్లీ అట్టపెట్టెకే వచ్చాను. కొన్నరోజే హార్లిక్స్ సీసాలో పోసేస్తున్నాను.

ఇక్కడి వాళ్లింట్లో 200 గ్రాములు వారం తిరక్కుండా అయిపోతుంది, వాళ్లకి ఏ ప్యాకెట్ అయినా ఒకటే. మాకు నెలన్నర పడుతుంది, పైగా ఇల్లు సముద్రానికి దగ్గర. సముద్రానికి దూరంగా, పొడిగా ఉండే మరాకేష్‌లో ఉండి, ఇంట్లో ఇంగువ లేకపోతే అట్టపెట్టె కొనుక్కోండి. ఇంగువ ఇంకా సగం డబ్బా ఉంది, దాన్ని ఇప్పుడు బాల్కనీలో పెడుతున్నాను.